గుడ్డలమ్మ కొట్టు

మా మేనత్తను వీధిలో అందరూ గుడ్డలమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, పాత బట్టలు కొనే మనిషి కాబోలనుకుని చిరిగిన దుప్పట్ల మూటతో గుమ్మంలోకి రావడం కూడా జరిగింది. అత్త అలాంటివాళ్లను ఊరికే పంపేది కాదు. బాగా ఉతికి ఆరేసి పంపేది.

అత్త అమ్మేవి చెక్కకు పట్టించే రంగులు. అందరూ స్టెయిన్ అంటారు. గోడకు వేసే రంగూ ఇదీ ఒకటే కదా అని ఎవరైనా అన్నారంటే ఆవిడకు ఒళ్లు మండిపోతుంది. గోడ రంగు గోడను కప్పేస్తుంది. స్టెయిన్ చెక్కలోకి ఇంకి, అందులో ఉన్న చారలను పైకి తెస్తుంది. మా తాత పెట్టిన కొట్టు అది. ఒకే ఒక పొడుగాటి గది, రెండు వైపులా నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా డబ్బాలు. టేకు, రోజ్‌వుడ్, వాల్‌నట్, తేనె రంగు, పొగ రంగు. ప్రతి అర అంచుకూ తీగతో వేలాడదీసిన చెక్క ముక్కలు ఉంటాయి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు. తలుపు తెరవగానే గాలికి అవన్నీ ఒకదానికొకటి తగిలి టకటకలాడతాయి. లోపలికి అడుగు పెట్టినవాడికి అవిసె నూనె వాసన ముక్కుకు ఎక్కుతుంది. ఆ వాసన నా జుట్టులోంచి ఏ సబ్బుకూ పోలేదు.

డబ్బా మీది బొమ్మ చూసి రంగు ఎంచుకుంటానంటే అత్త అమ్మదు. ఎవరి చెక్క ముక్క వాళ్లు తెచ్చుకోవాలి. ఆ ముక్క మీద ఆవిడ గుడ్డతో రంగు రుద్ది, కాసేపు ఆగి, తుడిచి చూపిస్తుంది. ఒకాయన తొందర పడ్డాడు.

"అమ్మా, నాకు వాల్‌నట్ కావాలి. డబ్బా మీద వాల్‌నట్ అని రాసుంది. ఇంక చూసేదేముంది?"

"నీ చెక్కకి చదువు రాదు నాయనా. డబ్బా మీద ఏం రాసుందో దానికి తెలీదు. ముక్క పట్రా."

ఆయన గొణుక్కుంటూ వెళ్లి ముక్క తెచ్చాడు. అది మెత్తటి చౌక రకం చెక్క. రంగు పట్టగానే మచ్చలు మచ్చలుగా తేలింది. ఆయన నోరు మూసుకుని, అత్త చెప్పిన తేనె రంగే పట్టుకెళ్లాడు. అత్త పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "నా మీద ఏ రంగూ పట్టలేదు" అని చెప్పేది. ఆ నోటికి భయపడి రెండోసారి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ నోరు మా వీధికంతా తెలుసు. బ్రష్షు కడగకుండా పెడితే తిట్టు, మూత వంకరగా పెడితే తిట్టు, ఇల్లు ఊడవకపోతే తిట్టు. పక్క కొట్టు తాళాలాయన గుమ్మం ముందు ఇనుప రజను కనిపిస్తే అతనికీ తిట్టే. తాళాలాయన మంచివాడు. "మీ అత్త తిట్టని రోజు నాకు బోణీ కాదమ్మా" అనేవాడు.

ఇంతకీ ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. బేరం అయిపోయి, మనిషి డబ్బా అందుకునేటప్పుడు, అత్త రెండో వైపు వదలదు. డబ్బాను ఇటు ఆవిడ, అటు ఆయన పట్టుకుని నిలబడాల్సిందే.

"తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి పడెయ్యకండి. బయట విడివిడిగా ఆరెయ్యండి. లేదంటే నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి. ఏం చెప్పాను? చెప్పండి."

వాళ్లు తిరిగి చెప్పాలి. తల ఊపితే చాలదు. జుట్టు నెరిసిన మాజీ హెడ్మాస్టరు ఒకాయన మా కౌంటర్ ముందు చేతులు కట్టుకుని ఈ పాఠం అప్పజెప్పడం నేను కళ్లారా చూశాను. గుడ్డల గురించి ఇంత గొడవ చేసే మనిషి ఇంకెక్కడా ఉండదు కాబట్టి గుడ్డలమ్మ అయింది.

గొడవలో నిజం ఉంది. ఈ రంగుల్లో కలిపే అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ విడిగా పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. గుడ్డలన్నీ కలిపి కుక్కి పెడితే వేడికి దారి ఉండదు. లోపల్లోపల రాజుకుని కొన్ని గంటలకు అంటుకుంటుంది. అగ్గిపుల్ల గీసేవాడు అక్కర్లేదు. "నిప్పు లేనిదే పొగ రాదన్నవాడు మన కొట్టుకి రాలేదులే" అనేది అత్త. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వేది కాదు.

ఎందుకంటే మా నాన్న అలాగే పోయాడు.

నాకు అప్పటికి మాటలు కూడా సరిగ్గా రావు. నాన్న బస్సు నడిపేవాడు. సెలవు రోజుల్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క పని చేసుకునేవాడు. తాత కొట్టులోనే పెరిగిన మనిషి కదా, చేతులు ఊరుకోవు. నా బట్టల కోసం చిన్న బీరువా ఒకటి చేసి, పొద్దున్నే దానికి రంగు పట్టించాడు. తిని, అక్కడే చాప వేసుకుని పడుకున్నాడు. సాయంత్రం అమ్మా నేనూ బజారు నుంచి వచ్చేసరికి షెడ్డు నిండా పొగ. మంట పెద్దదేం కాదు. బీరువా ఒక పక్క మాడింది, అంతే. కానీ తలుపూ కిటికీ మూసి ఉన్నాయి. నాన్న నిద్రలోనే పోయాడు.

ఆ రంగు డబ్బా ఇచ్చింది అత్త. ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా గుడ్డల మాట చెప్పిన మనిషి, సొంత తమ్ముడికి చెప్పలేదు. "వాడు మనవాడే కదా, కొట్టులో పుట్టినవాడికి కొత్తగా చెప్పేదేముంది అనుకున్నాను" అని నాతో ఎన్నిసార్లు అందో. పరాయివాళ్లకు పనికొచ్చిన జాగ్రత్త ఇంట్లోవాళ్లకు అక్కర్లేదనుకోవడం మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో ఉన్న జబ్బే. మాకు మాత్రం అది ప్రాణం తీసింది.

నాన్న ఆ షెడ్డులో పోయాడు గానీ కొట్టులోంచి పోలేదు. నాన్నకు రంగు చూసే కన్ను ఉండేదట. అత్త కొత్త రంగు కలిపినప్పుడు ముక్క మీద రుద్ది, కిటికీ వెలుతురులో పట్టుకుని, పక్కకు తిరిగి మెల్లగా అడుగుతుంది. "ఏరా, ముదురైందా?" ఆ పక్కన ఎవరూ ఉండరు. కాసేపు ఆగుతుంది. తర్వాత ఎవరో చెప్పినట్టే చుక్క నలుపు కలుపుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది. తర్వాత అలవాటైంది. ఒక్కోసారి నేనూ ఆ పక్కకే చూసేదాన్ని.

పొగ వాసన సంగతి ఇంకా ఘోరం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి ముక్కు ఎగరేస్తుంది. "ఏదో కాలుతోందే" అంటుంది. ఏమీ కాలదు. అయినా వెనక గది, పెరడు, పక్క కొట్టు అన్నీ చూసి రావాలి. డబ్బా కొన్నవాళ్ల ఇళ్లకూ వెళుతుంది. డబ్బా మూత సరిగ్గా పెట్టానో లేదో అని ఒక సాకు, బ్రష్షు మర్చిపోయారేమో అని ఇంకో సాకు. లోపలికి వెళ్లాక ఆవిడ కళ్లు మూలలే వెతుకుతాయి. గుడ్డలు విడివిడిగా కనిపిస్తే మంచినీళ్లు తాగి వచ్చేస్తుంది. కొందరు విసుక్కున్నారు. కొందరు కొనడం మానేశారు. "నీకేమైనా పిచ్చా అత్తా?" అని నేనూ అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అత్తను అంతగా తినేసేది ఇంకొకటి ఉంది, మా అమ్మ మౌనం. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మ కొట్టు గడప తొక్కలేదు. అత్త మా ఇంటికి వస్తే "రా వదినా" అంటుంది, టీ ఇస్తుంది, తర్వాత కుట్టు మిషను ముందు కూర్చుని కర్టెన్లు కుట్టుకుంటుంది. ఇద్దరి మధ్యా మిషను చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. పొద్దున కొట్టు, సాయంత్రం ఇల్లు, మధ్యలో తిరిగే టపా మనిషిని నేను. అమ్మ ఏమంటోంది అని అత్త, అత్త ఎలా ఉంది అని అమ్మ.

ఒకసారి అత్త నాతో అంది. "మీ అమ్మ నన్ను జుట్టు పట్టుకుని నాలుగు వాయించినా బావుండేదే. నీ తప్పు కాదు వదినా అన్నా బావుండేది. రెండూ చెయ్యదు. వాణ్ణి నువ్వే చంపావని ఆ మిషను దగ్గర కూర్చుని రోజూ అంటున్నట్టే ఉంటుంది నాకు. ఒక్క మాట. ఏదో ఒక్క మాట చెప్తే నేను నిద్రపోతాను."

ఆ మాట అమ్మకు చేరవెయ్యాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. షెడ్డు ఊసెత్తితే చాలు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నాకు అమ్మ మీదే కోపంగా ఉండేది. పెద్దావిడ అలా కుమిలిపోతుంటే ఒక్క మాట అనడానికి ఏం పోయింది అనుకునేదాన్ని.

ఈమధ్య అత్తకు జ్వరం వచ్చి వెనక గదిలో పడుకుంటే, కొట్టులో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఇల్లున్న వీధిలో కొత్తగా చేరిన బ్యాంకు ఆఫీసరు వచ్చి, ఇంటి తలుపులకు రోజ్‌వుడ్ రంగు కొన్నాడు. మర్నాడు పొద్దున్నే పనివాళ్లతో పట్టిస్తానన్నాడు. గుడ్డల మాట చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం జ్వరం తగ్గి లేచిన అత్త, అరలో ఖాళీ చూసి అడిగింది.

"రోజ్‌వుడ్ ఎవరు పట్టుకెళ్లారు? గుడ్డల సంగతి చెప్పావా?"

"మా వీధిలో కొత్తగా వచ్చిన బ్యాంకు ఆఫీసరు. చెప్పానత్తా."

"తిరిగి చెప్పాడా?"

"తల ఊపాడు."

"నేనడిగింది తల సంగతి కాదు!"

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరింది. కొట్టు తాళాలాయనకు అప్పగించి నేను వెనకాల పరుగెత్తాను. నేను వెళ్లేసరికే అక్కడ రభస మొదలైంది. ఆఫీసరు బ్యాంకులో ఉన్నాడు, పనివాళ్లు పని ముగించి వెళ్లిపోయారు, ఆయన తల్లి లోపల నిద్రపోతోంది. మా అత్త పక్క గేటు తీసుకుని నేరుగా పెరట్లోకి వెళ్లింది. ఇటుకల మీద పరిచిన తలుపులు తడి ఆరుతున్నాయి. సామాన్ల గది గోడకు ఆనించి ఒక ప్లాస్టిక్ తొట్టి, దాని మీద చెక్క మూత. అత్త ఆ మూత లాగేస్తుంటే పెద్దావిడకు మెలకువ వచ్చి, దొంగ దొంగ అని కేకలు పెట్టింది. చుట్టుపక్కలవాళ్లు పోగయ్యారు. ఒకడు అత్త చెయ్యి పట్టుకున్నాడు. మా అత్త రెండో చేత్తో ఆ తొట్టిని వదలకుండా పట్టుకుని ఉంది.

"అదిగో, చూడవే" అంది నన్ను చూసి. నేను తొట్టిలో చెయ్యి పెట్టాను. పైన గుడ్డలు మామూలుగానే ఉన్నాయి. లోపలికి పోనిస్తే, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది. భయంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడే మా అమ్మ వచ్చింది. మీ ఆడబిడ్డను పట్టుకున్నారని ఎవరో చెప్పారట. ఎవరితోనూ మాట్లాడలేదు. అత్త చెయ్యి పట్టుకున్నవాణ్ణి పక్కకు నెట్టి, గొంతుక్కూర్చుని, తొట్టిలోంచి గుడ్డలు ఒక్కొక్కటే తీసి మట్టి నేల మీద పరచడం మొదలుపెట్టింది. ఒకదానికొకటి తగలకుండా, మడత లేకుండా, అంచులు లాగి మరీ పరిచింది. మధ్యలో ఉన్న గుడ్డ గోధుమ రంగుకు మాడి సన్నగా పొగ కక్కుతోంది. అది చూసి గుంపులోవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆఫీసరు తల్లి అరుగు మీద కూలబడి "నా కొంప నిలబెట్టావు తల్లీ" అంటూ ఉండిపోయింది.

అత్త ఆవిడను చూడడం లేదు. అమ్మ చేతులనే చూస్తోంది.

"నీకెవరు నేర్పారే ఇది?"

"ఎవరూ నేర్పలేదు వదినా. ఆయన పోయాక తెలుసుకున్నాను."

"వాడికి చెప్పాల్సింది నేను. అందరికీ చెప్పేదాన్ని. వాడొక్కడికే..."

అమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉంది. "ఆయనకి తెలుసు వదినా. చిన్నప్పుడే నువ్వు మొట్టి మరీ నేర్పావట కదా. ఆ రోజూ విడివిడిగానే ఆరేశాడు. కిటికీ మీద ఒకటి, బల్ల మీద ఒకటి, గడప మీద ఒకటి. ఆయన పడుకున్నాక నేనే ఎత్తాను. అన్నీ పోగుచేసి బుట్టలో కుక్కి మూత పెట్టాను. మొహాన ఎండ పడుతోందని తలుపూ కిటికీ కూడా నేనే వేశాను. వేసి, దీన్నెత్తుకుని బజారుకెళ్లాను."

ఇన్నేళ్లూ అమ్మ మౌనం అత్త మీద కోపమనుకున్నాను. కాదు. షెడ్డు మాట వస్తే వంటింట్లోకి వెళ్లింది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. అమ్మను ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో తలుచుకుని సిగ్గేసింది.

అత్త ముఖంలో మొదట వచ్చింది తేలిక. అబద్ధం ఎందుకు, నేను చూశాను. ఎత్తలేని మూట దించినట్టు భుజాలు కిందికి దిగాయి. ఆ వెంటనే పాత అలవాటు తన్నుకొచ్చింది.

"ఎందుకెత్తావే పిచ్చిదానా? ఎప్పుడూ వాడి షెడ్డు వైపు పోనిదానివి, ఆ రోజే ఎందుకెత్తావు?"

అమ్మ చేతిలో గుడ్డను నేల మీద పరిచింది.

"చెప్పవే. ఎవరు ఎత్తమన్నారు నిన్ను?"

"వద్దులే వదినా. అయిపోయింది."

"చెప్పమంటున్నానా!"

అమ్మ గుడ్డ అంచు సరిచేస్తూ, నేలతో చెప్పినట్టు చెప్పింది. "ముందు రోజు నువ్వొచ్చావు. షెడ్డు చూసి, ఇది మనుషులుండే కొంపా, కాకి గూడా అన్నావు. మగాడు ఎక్కడివక్కడ పారేస్తే ఆడదానివి ఎత్తి పెట్టలేవా అన్నావు. నీ నోరంటే నాకు భయంగా ఉండేది. మళ్లీ నువ్వొచ్చేసరికి శుభ్రంగా కనపడాలనుకున్నాను."

"నేనన్నానా?" అంది అత్త.

ఆవిడకు గుర్తు లేదు. ఎలా గుర్తుంటుంది? రోజుకు పదిమందిని అనే మాటే అది. తాళాలాయనను అన్నది, నన్ను అన్నది. చెప్పని మాట కోసం ఇన్నేళ్లు కుమిలింది. చెప్పిన మాట ఆవిడ జ్ఞాపకంలోనే లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పంచుకున్నా ఎవరి పిడికిలీ తేలిక కాలేదు.

అత్త అడిగింది. "మరి నన్నెందుకు తిట్టలేదే?"

"తిడితే నాకెవరున్నారు వదినా?" అంది అమ్మ.

ఇద్దరూ ఆ గుడ్డల మధ్యే కూర్చుని ఉండిపోయారు. సాయంత్రం ఆఫీసరు వచ్చి, మమ్మల్ని చూసి ఏమీ అర్థంకాక, లోపలికి వెళ్లి వాళ్లమ్మను అడిగాడు.

ఇప్పుడు అమ్మ రోజూ కొట్టుకు వస్తుంది. మిషను కూడా తెచ్చి వెనక గదిలో వేసుకుంది. ఇద్దరూ కలిసి తింటారు, మాట్లాడుకుంటారు. గుడ్డల మాట అత్త ఇంకా అందరికీ చెబుతుంది, ఎదుటివాళ్లు తల ఊపితే అమ్మ మిషను ఆపి బయటికొచ్చి వాళ్లచేత తిరిగి చెప్పిస్తుంది. చూసినవాళ్లు, పాపం ఇన్నాళ్లకు కలిశారు అంటారు.

అత్త ఎవరినీ తిట్టడం లేదు. మూతలు వంకరగా ఉన్నా, నేల ఊడవకపోయినా, తాళాలాయన గుమ్మం ముందు ఇనుప రజను గుట్టగా పడి ఉన్నా పల్లెత్తు మాట లేదు. తాళాలాయన రెండుసార్లు వచ్చి "ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని అడిగాడు. నేను కావాలనే బ్రష్షులు కడగకుండా రంగు కారుతున్నవి తెచ్చి కౌంటర్ మీద పడేస్తాను. ఒక్కసారి నోరు తెరిచి, కాకి గూడు చేశావేమే అంటుందేమోనని ఎదురు చూస్తాను. అత్త వాటిని చూస్తుంది, నన్ను చూస్తుంది. పెదవులు కదులుతాయి. ఆ తర్వాత బ్రష్షులు తీసుకుని తనే వెనక్కి వెళ్లి కడుక్కొస్తుంది.